మక్సూద్ చెప్పిన జాగా

కల్వకుర్తిలో ఆ రోజుల్లో దేవుడికి తెలియని జాగా అయినా ఉండొచ్చు గానీ, పర్వతాలు సేటు గోదాములో ముకద్దం మక్సూద్‌కు తెలియని జాగా లేదని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లలో మొదటివాడు మక్సూదే.

ముకద్దం అంటే హమాలీల ముఠాకు పెద్ద. బస్తా మోయడు. బండి దిగిన బస్తా ఏ నెట్టు మీదికి, అంటే ఏ బస్తాల దొంతర మీదికి పోవాలో నోటితో చెబుతాడు, అంతే. పల్లికాయ ఎక్కడ, ఆముదాలు ఎక్కడ, కందులు ఎక్కడ, ముందు పోయేదేది, వెనక పోయేదేది, అంతా ఆయన బుర్రలోనే. ఒకసారి కంది బస్తాల సందులో చుట్ట మరిచిపోయాడట. ఆ కందులు అమ్ముడుపోయాయి, వాటి జాగాలో కొత్త కందులొచ్చాయి, అవీ పోయాయి. ఒకనాడు కళ్లు మూసుకుని అదే సందులో చెయ్యి పెడితే చుట్ట దొరికిందట. దొరకడం వింత కాదు, అది ఇంకా వెచ్చగా ఉందట. గోదాములో ఎలుకలకు దారి తప్పితే తన దగ్గరికే వచ్చి అడుగుతాయని కూడా చెప్పేవాడు. ముఠా అంతా పడీపడీ నవ్వేది. నవ్వినా, జాగా విషయంలో ఆయన మాటకు ఎదురు మాట లేదు. మక్సూద్ ‘ఇక్కడ’ అన్నాడంటే అక్కడే. నోటి మాట మీద పన్నెండు ఇళ్ల పొయ్యిలు వెలిగేవి.

మనిషి మంచివాడేనా అంటే, నాలుక మాత్రం కాదు. కుంటివాణ్ని చూస్తే కుంటుతూ నడిచి చూపించేవాడు. నత్తివాడు పలకరిస్తే నత్తితోనే జవాబిచ్చేవాడు. నవ్వించినంతసేపు లోకం దాన్ని తప్పనలేదు.

తొంభై ఒకటో సంవత్సరం పల్లికాయ విరగపండింది. అంతకు ముందు సీజన్లో మక్సూద్ ముఠానంతా గేటు ముందర కూర్చోబెట్టి కూలి రేటు పెంచమన్నాడు. సేటు పెంచాడు. నవ్వుతూనే పెంచాడు. సేటు నవ్వు విత్తనం లాంటిది. ఎక్కడో పాతిపెడతాడు, వానలు పడ్డాక తెలుస్తుంది అదేం చెట్టో.

ఆ ఏడు తెలిసింది. డిండి పోయే తోవలో ఎక్కడో వాగు మీద మోరీ కడుతుంటే సేటు జీపు ఆపి చూశాడట. ఉప్పరి గుర్వయ్య గాడిదలు వాగులోంచి ఇసుక మోస్తున్నాయి. ముందర మనిషి లేడు, వెనక మనిషి లేడు. వాగు దగ్గర నింపేవాడు నింపుతాడు, మోరీ దగ్గర దింపేవాడు దింపుతాడు. మధ్యలో గాడిదలు తమంతట తామే పోతున్నాయి, వస్తున్నాయి. చాయ అడగవు, బీడీకి కూర్చోవు, గేటు ముందర అసలే కూర్చోవు. సేటు అక్కడికక్కడే గుర్వయ్యను మాట్లాడుకున్నాడు.

గాడిదలు గోదాము ముందుకు వచ్చిన పొద్దున ముఠా అంతా పండుగ చేసుకుంది.

“సేటూ, కొత్త హమాలీలా?” అన్నాడు మక్సూద్. “బలే ఉన్నరు. గుర్వయ్యా, ఈళ్లల్ల నీ సొంతపోళ్లెవరు, దూరపు సుట్టాలెవరు? జర పరిచయం చెయ్యి, పొరపాట్న నిన్ను కట్టేస్తమేమో.”

గుర్వయ్య బక్కపలచని మనిషి. తల వంచుకుని నవ్వాడు. “అందరు మనోళ్లే భాయ్,” అన్నాడు.

మక్సూద్ ముఠాను నవ్వుతో పాటు చూపుతో కూడా హెచ్చరించాడు. ఈ గాడిదలు కుదురుకున్నాయంటే తమ మెడల మీది బస్తాలతో పాటు కంచాల్లోని బువ్వ కూడా దిగిపోతుందని ఆయనకు తెలుసు.

గోదాముకు పక్కపక్కనే రెండు పెద్ద గదులు. ఒక్కో గదికి లారీ వెనక్కి వచ్చి నిలిచేంత వెడల్పు వాకిలి. లోపల నెట్లు గోడలకు ఆనించి రెండు పక్కలా ఉండేవి, నడుమ గల్లీ. మనుషులు ఆ గల్లీలోనే పోయి ఆ గల్లీలోనే ఒకరినొకరు తప్పుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. సేటు కుడి గదిలోకి గాడిదలను తోలించాడు. ముందర నడిచేది పెద్దక్క అనే ముసలి గాడిద. ఎడమ కన్ను లేదు. అది గల్లీలో సగం దూరం పోయింది. గుడ్డి పక్కనున్న నెట్టుకు వీపు మీది బస్తా తగిలింది. తిరగబోయింది. వెనక వస్తున్న వాటి ముక్కుకు ముక్కు ఆనించి నిలబడిపోయింది. మనిషైతే పక్కకు ఒరిగిపోతాడు, లేదంటే తిట్టి దారి చేసుకుంటాడు. గాడిదకు ఒరగడం రాదు, వెనక్కి నడవడం అంతకన్నా రాదు. గుర్వయ్య, ఆయన ఇద్దరు బామ్మర్దులు చెవులు పట్టి, తోకలు పట్టి లాగుతుంటే గదంతా ఓండ్రలు.

మక్సూద్ వాకిట్లో కూలబడి కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. “అసెంబ్లీ నడుస్తున్నది, ఎవరు సప్పుడు చెయ్యకుండ్రి!” అన్నాడు.

పర్వతాలు సేటు నవ్వలేదు, కోప్పడలేదు. “బుధవారం రెండు లారీలు వస్తయి, రెండింట్ల పల్లికాయే నింపాలె,” అన్నాడు. “ఎడమ గది ముఠాది, కుడి గది గుర్వయ్యది. ఎవరి గదిని వాళ్లు ఎట్ల సర్దుకుంటరో సర్దుకోండ్రి. ఎవరి లారీ ముందు నిండితే రెండు గదులూ వాళ్లయి. ఓడినోళ్లు నా గేటు తొక్కొద్దు.”

హమాలీలందరిలోకి పెద్దవాడు జానయ్య. చిన్నప్పటి నుంచి మక్సూద్‌తో ఒకే బండి కింద పడుకుని పెరిగినవాడు. ఆయన భార్య పుష్పమ్మ గోదాములో కింద రాలిన గింజలు ఊడ్చుకుంటుంది. ఆ ఊడ్పు గింజలే ఆ ఇంటి సగం తిండి. సేటు మాట విని జానయ్య మెల్లగా అన్నాడు, “మక్సూదూ, నవ్వులాట కాదురా. ఓడితే ఈ వయసుల నన్నెవడు పిలుస్తడు?”

“గాడిదలతోటి ఓడితే నేనే నీ ఇంటికొచ్చి గడ్డి మేస్త,” అన్నాడు మక్సూద్.

సాయంత్రం గుర్వయ్య వెతుక్కుంటూ వచ్చాడు. ముఠా చాయ తాగుతున్న చోటికి వచ్చి, తువ్వాల చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు.

“భాయ్, ఇసుక మోసినోన్ని. గోదాం సంగతి నాకేం ఎరుక? నెట్లు యాడ పెడితే ఏంది, మీకు ఎరుకైనట్టు కల్వకుర్తిల ఎవలకు ఎరుక లేదంటున్నరు. జర జాగా చెప్పుండ్రి. మీ కాల్మొక్త.”

హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పందెంలో ఎదుటివాడు వచ్చి దారి అడగడం వాళ్లెక్కడా చూడలేదు. మక్సూద్ మాత్రం బెల్లం ముక్క దొరికిన చీమలాగా సంబరపడ్డాడు.

“చెప్తగానీ ఊకెనే చెప్త? నీ గాడిదలు పొద్దున ఎట్ల ఓండ్రపెట్టినయో, ఒక్కసారి పెట్టి సూపెట్టు. మంచిగ పెట్టాలె. పెద్దక్క సిగ్గుపడేటట్టు పెట్టాలె.”

గుర్వయ్య అటూ ఇటూ చూశాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. మెడ చాచి ఓండ్రపెట్టాడు.

“గట్ల కాదు, ఇది దగ్గు. నాలుగు కాళ్ల మీదుండి పెట్టు.”

నాలుగు కాళ్ల మీద వంగి ఓండ్రపెట్టాడు. ముఠా చాయ గ్లాసులు కింద పెట్టి పొట్టలు పట్టుకుంది. పుష్పమ్మ ఒక్కతే, “అన్నా, ఇడిచిపెట్టు. ఆయనకు గూడ పెండ్లాం పిల్లలున్నరు,” అంది. మక్సూద్ ఇంకోసారి పెట్టించి మరీ విడిచిపెట్టాడు.

ఆ తర్వాత గుర్వయ్య భుజం మీద చెయ్యేసి, లారీ చాటుకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు. “సూడు, గోడలకు ఆనిచ్చిన నెట్లన్ని పీకెయ్. అంతా నడిమిట్ల ఎయ్. గోడ పొంటి సుట్టూరా దారి ఇడిచిపెట్టు. కుడి దిక్కు పోవాలె, గది మొత్తం తిరిగి ఎడమ దిక్కు రావాలె. రోజూ పోయే పల్లికాయ ఉంది సూడు, అది అందరి కన్న ఎనక, ఆ చివరి గోడ దగ్గర. ఏడాదికోసారి పోయే ఆముదాలు ఇగో, వాకిట్ల పెట్టు.”

చెబుతుంటేనే ఆయన లోపల నవ్వు కుతకుత ఉడికింది. హమాలీ అన్నవాడెవడూ నెట్టును గోడ విడిచి కట్టడు. గోడే నెట్టుకు వెన్నెముక. పోయే సరుకును వాకిలికి దూరం పెట్టేవాడికి పిచ్చాసుపత్రిలో మంచం వేస్తారు. బస్తా మెడ మీదున్నవాడికి ఒక్క మూర ఎక్కువైతే అది కోసు దూరం. మొత్తం తిప్పలన్నీ ఏరి ఒకే గదిలో పోశానని మక్సూద్ మురిసిపోయాడు.

గుర్వయ్య రెండు చేతులెత్తి మొక్కి వెళ్లాడు. తిరిగొచ్చిన మక్సూద్‌ను ముఠా చుట్టుముట్టింది. “ఏం చెప్పినవ్?” అన్నాడు జానయ్య.

“బుధవారం సూద్దురు,” అన్నాడు మక్సూద్ కన్ను గీటి. “తమాషా ముందుగాల చెప్తే చప్పగైతది.”

అదీ ఆయన పొరపాటు. ఒక్కరి చెవిలోనైనా వేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

బుధవారం లారీలు వచ్చి రెండు వాకిళ్లకు వెనకలు ఆనించి నిలిచాయి. సేటు వేపచెట్టు కింద కుర్చీ వేయించుకున్నాడు. ముఠా గదిలో మక్సూద్ పల్లికాయనంతా వాకిట్లోకే తెప్పించి, ఎత్తుగా గోడకు ఆనించి నెట్టు కట్టించాడు. చెయ్యి చాపితే లారీ, చెయ్యి చాపితే బస్తా. చూసినవాళ్లంతా తలలూపారు. పక్క గదిలోకి తొంగిచూసినవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. నడుమ గొర్ల మంద పడుకున్నట్టు ఛాతీ ఎత్తు నెట్లు. గుర్వయ్య మనుషులకు అంతకన్నా పైకి పేర్చడం రాదు. చుట్టూ ఉత్త దారి. పల్లికాయ ఎక్కడో చివరన, ఊరవతల గుడిసెలాగా.

పొద్దెక్కేదాకా ముఠాదే పైచేయి. హమాలీలు ఉరుకుతున్నారు. గాడిదలు పెళ్లికి పిలవని చుట్టాల్లాగా తల వంచుకుని నెమ్మదిగా నడుస్తున్నాయి.

“గుర్వయ్యా, నీ లారీల ఎలుకలు పిల్లలు పెట్టినయట!” అని మక్సూద్ కేక వేశాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి సంగతి మారింది. ఎప్పుడూ నిదానంగా సాగే పని కాబట్టి ముఠాకు ఇంతకాలం తెలియలేదు గానీ, అంతా వాకిట్లోనే ఉంటే జనం కూడా వాకిట్లోనే ఉంటారు. బస్తా ఎత్తించేవాడు, ఎత్తించుకునేవాడు, మోసుకుపోయేవాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు, అందరూ ఒకే గుమ్మంలో. ఒకరి బస్తా ఇంకొకరి చెవికి తగులుతోంది. నిలబడితే తిట్లు, నడిస్తే గుద్దులు. ఆ పక్కన మాత్రం పెద్దక్క కంటి చూపున్న వైపు గోడ, గుడ్డి వైపు నెట్టు. మేతకు ఆశపడి ఆగేందుకు నెట్టే కనిపించదు. దాని వెనక మిగతావి. ఎదురు వచ్చేది లేదు, వెనక్కి తిరిగేది లేదు. చివరి గోడ దగ్గర కావలసినంత జాగా. ఛాతీ ఎత్తు నెట్టు మీది నుంచి బామ్మర్దులు బస్తాను తోస్తే సరిగ్గా గాడిద వీపు మీదే పడుతోంది. ఒకటి ఆగితే వాకిలికి అడ్డం లేదు. అవి వడిగా నడవలేదు. కానీ ఆగలేదు. గానుగెద్దు ఆగుతుందా?

మక్సూద్ ఒకసారి ఆ వాకిట్లో నిలబడి చూశాడు. చూస్తుండగా ఆయన మొహంలో నవ్వు, అన్నంలో రాయి తగిలినవాడి మొహంలో లాగా ఆగిపోయింది. దూరాన్ని తాను మనిషి మెడతో కొలిచి చెప్పాడు. మోసేది మెడ కాదు.

ముఠా దగ్గరికి ఉరికాడు. “కింది నుంచి గుంజుండ్రి! పై నుంచి తీసుడెందుకు, కింది నుంచి గుంజుండ్రి!”

“కింది నుంచి గుంజితే నెట్టు మీద పడ్తది భాయ్,” అన్నాడు జానయ్య.

“గోడ ఉన్నది, పడదు. నాకు చెప్తవా జాగా?”

గుంజారు. గోడ వెనక ఉంటుంది గానీ ముందర ఉండదు కదా. నెట్టు కడుపు కోసినట్టు ముందుకు జారింది. జానయ్య మోకాలి మీద పడింది. వాకిలి సగం మూసుకుపోయింది. పుష్పమ్మ చీపురు పారేసి ఉరికొచ్చింది.

“మోకాలే గద, తలకాయ కాదు గద!” అని అరిచాడు మక్సూద్. “లే జానయ్యా, తర్వాత ఏడుద్దువు. తొవ్వకు అడ్డంగ ఉన్నవ్, లే!”

జానయ్య లేచాడు. కుంటుతూ ఇంకో బస్తా మెడ మీదికి ఎత్తించుకున్నాడు. ముఠా లారీలో పై వరస ఇంకా మిగిలి ఉండగానే పక్క లారీ డ్రైవర్ తాళ్లు బిగించి హారన్ కొట్టాడు.

సేటు కుర్చీలోంచి లేవకుండానే గుర్వయ్యను పిలిచాడు. “బలే సర్దినవు గదరా. ఎవడు నేర్పిండు నీకు?”

గుర్వయ్య వచ్చి సేటుకు మొక్కలేదు. నేరుగా మక్సూద్ దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా నేల మీద సాగిలపడి కాళ్లు పట్టుకున్నాడు.

“ఈ భాయే నేర్పిండు సేటూ! నడిమిట్ల నెట్టు ఎయ్యమన్నడు, గోడ పొంటి దారి ఇడువమన్నడు, పల్లికాయ ఎనకకు పెట్టమన్నడు. అన్ని ఈ దేవుడు చెప్పినయే. నా పిల్లల బువ్వ ఈయన పెట్టిందే!”

ఆ మొక్కులో కృతజ్ఞత ఎంతో, చాయ దగ్గర నాలుగు కాళ్ల మీద నిలబడ్డ సాయంత్రానికి బాకీ ఎంతో, మొక్కినవాడికే తెలియాలి. మొహం మట్టిలో ఉంది, కనిపించలేదు.

ముఠా అంతా మక్సూద్ వైపు తిరిగింది.

“అబద్ధం!” అన్నాడు మక్సూద్. మళ్లీ తనే, “అబద్ధం కాదు, నేనే చెప్పిన. ముంచుదామని చెప్పిన! మునుగుతడనే చెప్పిన! ఖుదా కసం, నవ్వుకుందామని చెప్పిన.”

జానయ్య మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఆయన కళ్లలోకి చూశాడు. “జాగా తెల్వక చెప్పినవా? నువ్వు?”

“ఔ. తెల్వకనే.”

“ముప్పై ఏండ్ల సంది నీ నోట్లకెల్లి ఒక్క తప్పు జాగా రాలే. ఒక్కటి. తప్పైతే మా మీద చెయ్యి చేసుకున్నవు గని, నీ మాట తప్పని ఎన్నడన్న ఒప్పుకున్నవా? గా ఒక్కనాడే నీకు తెల్వకపాయెనా?” జానయ్య గొంతు పెంచలేదు. “లారీ చాటుకు ఎందుకు తోల్కపోయినవో ఇప్పుడు సమజైంది. గింత మందిని ఎంతకు అమ్మినవు భాయ్?”

మక్సూద్ ఒక్కొక్కరి ముందుకు పోయి నిలబడ్డాడు. తాను మూర్ఖుడినని మొత్తుకుంటున్నాడు. ఒక్కరూ నమ్మడం లేదు. ముప్పై ఏళ్లుగా ఒక్కొక్క బస్తా పేర్చినట్టు తానే పేర్చుకున్న పేరు, ఇప్పుడు మీద పడింది.

సేటు అప్పుడు నవ్వాడు. “గొడవెందుకు? మక్సూద్ నా దగ్గర్నే ఉంటడు. గాడిదలకు గూడ జాగా చెప్పేటోడు ఒకడు కావాలె గద. మిగతా వాళ్లు, రేపు ఒక్క దినం రండ్రి. ఎడమ గది గూడ కుడి గది లెక్క సర్ది పోండ్రి. కూలి ఇస్త.”

మక్సూద్ భుజం మీది కండువా తీసి దులిపాడు. “నాకొద్దు సేటూ. నా వాళ్లతోనే పోత,” అని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర పుష్పమ్మ అడ్డంగా నిలబడింది. ఎన్నడూ ‘అన్నా’ అని తప్ప పిలవని మనిషి.

“యాడికి ముకద్దం సాబ్? మా ఎంబడి రాకు. నీ బువ్వ లోపల పెట్టిండ్రు, పోయి తిను.”

పన్నెండు ఇళ్ల వాళ్లూ ఆమె వెనక నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగాడు. తిరగక ఎక్కడికి పోతాడు? ఇంట్లో మూలుగుతున్న తల్లి గులాబ్‌బీకి మర్యాద వండి పెట్టలేడు కదా.

మర్నాడు ముఠా వచ్చింది. ఒక్కరూ మానలేదు, ఆఖరి కూలి ఎవరు వదులుకుంటారు? తమ చేతులతో కట్టిన నెట్లను తామే పీకి, గాడిదలకు దారి చేయడానికి వచ్చారు. మక్సూద్ గది మధ్యలో నిలబడ్డాడు. సేటు గుమ్మంలో.

మొదటి హమాలీ బస్తాతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మక్సూద్ వేలితో చూపించాడు. వాడు కదల్లేదు.

“నోటితోని చెప్పు,” అన్నాడు వెనక నుంచి జానయ్య.

“ఇక్కడ,” అన్నాడు మక్సూద్.

రెండోవాడు వచ్చాడు. “ఇక్కడ.” మూడోవాడు వచ్చాడు. జోకు లేదు, తిట్టు లేదు. బస్తా దింపి, ఖాళీ అవుతున్న గోడ పొంటి మొత్తం చుట్టు తిరిగి మళ్లీ వచ్చేవాళ్లు. అలా తిరగమని ఎవరూ చెప్పలేదు. నేరుగా వెనక్కి రెండడుగులు వేస్తే చాలు. అయినా ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, కుడి వైపు పోయి ఎడమ వైపు వస్తున్నారు. ఆయన కళ్ల ముందు, ఆయన చెప్పిన దారినే. సేటు గుమ్మంలోంచి, “బలే పోతున్నరు, గీ తీరుగ ముందే పోతే ఈ గొడవే లేకుండె గద!” అన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు.

అందరి వెనక జానయ్య. వాచిన మోకాలికి పుష్పమ్మ చీర పేలిక కట్టింది. మెడ మీద ఆముదాల బస్తా. ఆ గదిలో అన్నిటికంటే బరువైనది అదే. అడిగి మరీ ఎత్తించుకున్నాడు. చుట్టు మొత్తం కుంటుకుంటూ తిరిగి వచ్చి మక్సూద్ ముందర ఆగాడు. మెడ నరాలు తాళ్లలాగా తేలాయి. కాలు వణుకుతోంది.

“దించురా జానయ్యా. యాడనన్న దించు,” అన్నాడు మక్సూద్.

“యాడనన్న అంటే యాడ? జాగా చెప్పు.”

“నీకు ఇష్టమొచ్చిన కాడ దించు. నీ కాల్మొక్త.”

“నా ఇష్టమెప్పుడన్న ఉండెనా ఈడ? నీ నోటి మాట లేనిది ఈ మెడ మీదికెల్లి ఒక్క బస్తా దిగలే. చెప్పు ముకద్దం సాబ్, జాగా చెప్పు.”

మక్సూద్ గది అంతా కలియజూశాడు. నడుమ పేరుకున్న నెట్లు, చుట్టూ దారి, దారి నిండా తన వైపు చూడని మొహాలు. ఏ మూల చూసినా ఏ సరుకు పెట్టాలో ఎప్పుడూ టక్కున తోచేది. ఇప్పుడు ఒక్క మూలా తోచలేదు. జానయ్య కాలు ఇంకా వణుకుతూనే ఉంది, బస్తా దిగలేదు. సేటు గుమ్మంలో చుట్ట వెలిగించి, తొందరేమీ లేదన్నట్టు చూస్తున్నాడు.